బ్రేక్ ప్యాడ్‌లు మార్చే ముందు పాటించవలసిన జాగ్రత్తలు

బ్రేకు కీచుమన్న ప్రతిసారీ ప్యాడ్ (చక్రంతో తిరిగే డిస్కును ఒత్తి బండిని ఆపే పలక) అరిగిపోయిందని అనుకోనక్కరలేదు. రాత్రి వానకు తడిసిన డిస్కుపై పట్టిన పలుచని తుప్పు వల్ల ఉదయం వచ్చే కీచు నాలుగైదుసార్లు బ్రేకు వేయగానే పోతుంది. రోజంతా వినిపిస్తూనే ఉంటే మాత్రం, అరుగుదలను తెలిపేందుకు ప్యాడ్‌కు అమర్చిన చిన్న రేకు డిస్కుకు రాసుకుంటోందేమో చూడాలి. ఇనుము ఒరుసుకుంటున్నట్లు గరగర శబ్దం వస్తే బండిని ఆపివేయాలి.

ప్యాడ్‌పై రాపిడి పదార్థం మందం సుమారు 3 మిల్లీమీటర్లకు తగ్గితే, ఒకే ఇరుసుకు రెండు వైపులా ప్యాడ్‌లు మార్చాలి. సెరామిక్ రకం సాధారణంగా తక్కువ చప్పుడుతో, తక్కువ పొడితో పనిచేస్తుంది. లోహం కలిసిన సెమీ మెటాలిక్ రకం కొంత చప్పుడు చేసినా వేడిని బాగా తట్టుకుంటుంది కనుక, తరచూ ఘాట్ రోడ్లు దిగేవారికి నా దృష్టిలో అదే తగినది.

బండిని సమతలమైన నేలపై నిలిపి, చక్రాలకు అడ్డు పెట్టి, జాకీ ఒక్కదాన్నే నమ్ముకోకుండా స్టాండ్ కూడా ఉంచాలి. పాత ప్యాడ్‌లలో, పీలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉన్నందున పొడిని నోటితోగాని, గాలి గొట్టంతోగాని ఊదరాదు. ప్యాడ్‌ను డిస్కుకు నొక్కే పిస్టన్‌ను వెనక్కి నెట్టినప్పుడు బ్రేక్ ఆయిల్ పొంగి రంగును పాడుచేయవచ్చు కాబట్టి, డబ్బాలో దాని మట్టాన్ని ముందే చూసుకోవాలి. చప్పుడు తగ్గించే గ్రీజును ప్యాడ్ వెనుక వైపునే పూయాలి. రాపిడి ముఖానికి అంటితే బ్రేకు పట్టదు.

పని ముగిశాక పెడల్ గట్టిపడే వరకు తొక్కి చూడకుండా బండిని కదపరాదు.