ఎన్విరాన్‌మెంటల్ హెల్త్‌లో ఎమ్మెస్, పీహెచ్‌డీకి అమెరికా వెళ్లాలనుకుంటే

ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ సైన్సెస్, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ ఒకటి కాదండీ. చెరువు ఎంత పాడైందో కొలిచి ఆగిపోయే చదువు కాదిది, ఆ నీళ్లు తాగినవాళ్ల ఒంట్లోకి ఏది ఎంత చేరింది, దాంతో ఏ జబ్బు వస్తోంది అన్నదాకా వెళ్తుంది. అందుకే కెమిస్ట్రీ, సివిల్, ఫార్మసీ, ఎంబీబీఎస్ ఏది చదివినా రావచ్చు. స్టాటిస్టిక్స్ మాత్రం తప్పదు, దానికి వాడే ఆర్ (R) సాఫ్ట్‌వేర్ ఇప్పుడే మొదలుపెట్టండి, ఉచితమే.

ఎంపీహెచ్ (మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్) ఎక్కువమంది సొంత డబ్బుతోనో లోనుతోనో చదువుతారు, అది ఉద్యోగం వైపు దారి. పీహెచ్‌డీకైతే సాధారణంగా ఫీజు, స్టైపెండ్ వాళ్లే ఇస్తారు. ఒక మెలిక ఉంది: అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్ ఇచ్చే టీ32 అనే ట్రైనింగ్ గ్రాంట్లు అమెరికా పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకే. కాబట్టి ప్రొఫెసర్‌కి మెయిల్ రాసేటప్పుడే బయటి దేశాలవాళ్లకి డబ్బు ఎక్కడినుంచి వస్తుందో మొహమాటం లేకుండా అడగండి.

అసలు కష్టపడాల్సింది ఎస్‌వోపీ మీద, అంటే ఏం చదవాలనుకుంటున్నారో ఎందుకో చెబుతూ అప్లికేషన్‌తో పంపే వ్యాసం మీద. "చిన్నప్పటినుంచి నాకు ప్రకృతి అంటే ప్రాణం" అన్న వాక్యం ఉంటే కొట్టేయండి. మీకు బాగా తెలిసిన ఒక చోటు పట్టుకోండి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం అనుకోండి, అక్కడ కిడ్నీ జబ్బుకి కారణం ఇంకా తేలలేదు. నీళ్లలో సిలికా, పురుగుమందులు, ఎండలో పనిచేస్తూ నీళ్లు తాగకపోవడం ఇలా చాలా అనుమానాలున్నాయి. మీరైతే బావి నీళ్లు పరీక్షిస్తారా, మనుషుల మూత్రం పరీక్షిస్తారా? షుగర్, బీపీ ఉన్నవాళ్లని ఎలా విడదీస్తారు? జబ్బు ముదరడానికి ఏళ్లు పడుతుంది కదా, మరి ఈరోజు తీసిన శాంపిల్ పదేళ్ల కిందటి సంగతి ఎలా చెబుతుంది? నల్గొండ ఫ్లోరోసిస్ అయితే ప్రశ్నే వేరు, అక్కడ కారణం తెలుసు, నీళ్లలోని ఫ్లోరైడే. నది నీళ్లు నల్లాల్లోకి వచ్చాక పిల్లల్లో ఫ్లోరైడ్ నిజంగా తగ్గిందా అని అడగాలి. ఇలాంటి ఒక్క పేరా బాగా రాస్తే మీరు ఆలోచించగలరని చదివేవాళ్లకి అర్థమవుతుంది. నా దృష్టిలో మంచి ర్యాంకు ఉన్న కాలేజీ పేరుకన్నా దీనికే విలువెక్కువ.

వీలైతే ముందు కొన్నాళ్లు ఫీల్డులో పనిచేయండి. హైదరాబాద్‌లో ఐఐపీహెచ్ (ప్రజారోగ్య సంస్థ), ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) ఉన్నాయి, చెన్నైలో శ్రీరామచంద్ర యూనివర్సిటీలో వంటపొగ మీద, గాలి కాలుష్యం మీద ఎన్నో ఏళ్లుగా పరిశోధన నడుస్తోంది. గాలిలోని అతిసన్నని ధూళిని (పీఎం2.5) పట్టే ఫిల్టర్‌ని తూకం వేసి, పల్లెలో ఒక ఇంట్లో మిషన్ పెట్టి, మర్నాడు తెచ్చి మళ్లీ తూచిన అనుభవం రికమెండేషన్ లెటర్‌లో కనబడుతుంది.

ఎంపీహెచ్‌కి చాలా స్కూళ్లు సోఫాస్ అనే ఉమ్మడి పోర్టల్ ద్వారా తీసుకుంటాయి, పీహెచ్‌డీకి కొన్నిచోట్ల యూనివర్సిటీ సొంత పోర్టల్ ఉంటుంది. పీహెచ్‌డీ గడువులు చాలావరకు డిసెంబరులోనే. మన యూనివర్సిటీల నుంచి ట్రాన్‌స్క్రిప్ట్‌లు తెప్పించి, డబ్ల్యూఈఎస్ అనే సంస్థలో మన డిగ్రీ అమెరికాలో దేనికి సమానమో మదింపు చేయించడానికి టైం పడుతుంది, ఆగస్టులోనే కదలండి. ఇంకొకటి, ఆ కోర్సు సీఐపీ కోడ్ (ఏ సబ్జెక్టో చెప్పే నంబరు) స్టెమ్, అంటే సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్ జాబితాలో ఉందా అని అప్లై చేసేముందే డిపార్ట్‌మెంట్‌ని అడగండి. ఉంటే చదువయ్యాక అక్కడ ఉద్యోగం చేసుకోనిచ్చే ఓపీటీ 12 నెలలకి తోడు ఇంకో 24 నెలలు పొడిగించుకునే వీలుంటుంది, ఒకే డిపార్ట్‌మెంట్‌లో ఎంపీహెచ్‌కి ఒక కోడ్, ఎమ్మెస్‌కి ఇంకో కోడ్ ఉండొచ్చు.