సమాధి రాయి నుంచి ఖాస్రా పహాణీ దాకా: రైతు కుటుంబ చరిత్రను వెతికే పద్ధతి

తెలంగాణలో రైతు కుటుంబపు పూర్వీకులను వెతికేవారు ముందుగా పొలంలోని సమాధుల వద్దకు ఏటవాలు ఎండ పడే ఉదయం వేళ వెళ్లాలి. అరిగిన అక్షరాలు అప్పుడే నీడ పట్టి కనిపిస్తాయి. సుద్ద రుద్దకూడదు, అది రాతికి హాని. రాతిపై ప్రభవ, విభవ వంటి సంవత్సరం పేరే ఉంటే, అది 60 ఏళ్లకొకసారి తిరిగి వస్తుంది కనుక, ఏ ఆవృత్తమో మరో ఆధారంతో తేల్చుకోవాలి.

1948 నాటి చట్టం ప్రకారం జనగణనలో నమోదైన వ్యక్తుల వివరాలను పరిశీలించనివ్వరు. కాబట్టి ఆ లోటును భూమి రికార్డులే తీర్చాలి. వాటిలో 1954-55 నాటి ఖాస్రా పహాణీ, అంటే గ్రామంలోని భూములను, సాగును నమోదు చేసిన రెవెన్యూ రికార్డు, అన్నిటికంటే విలువైనదని నా నమ్మకం, ఎందుకంటే అందులో సర్వే నంబరు వారీగా పట్టాదారు పేరుతో పాటు సాగులో ఉన్నవారి పేరు కూడా ఉండటం వల్ల, సొంత పట్టా లేక ఇతరుల భూమిని దున్నిన కుటుంబాల జాడ సైతం దొరికే అవకాశం ఉంది. నకలు కోసం గ్రామం పేరు, సర్వే నంబరు రాసి తహసీల్దారుకు దరఖాస్తు చేయాలి. పాత కాగితాల్లోని ఫసలీ (రెవెన్యూ లెక్కలకు వాడిన పాత కాలమానం) సంవత్సరానికి 590 కలిపితే క్రీస్తు శకం సంవత్సరం వస్తుంది. 1364 ఫసలీ అంటే 1954-55. ఆ తరువాత విరాసత్ (వారసత్వ) నమోదులను చూస్తే, తండ్రి పేరు తొలగి కొడుకుల పేర్లు ఎక్కిన ఏడాది తెలుస్తుంది. దానిని సమాధిపై తేదీతో సరిపోల్చాలి.