రెండు వెబ్బింగ్ పట్టీలను ముడివేసి కలపడం ఎలా?

తాడుకు పనికొచ్చిన ప్రతి ముడీ పట్టీకి పనికిరాదు. వెబ్బింగ్ పట్టీ అంటే దారాలతో బెల్టులా నేసిన పట్టీ, బల్లపరుపుగా, నున్నగా ఉంటుంది. చేతి అలవాటుతో వేసే పీటముడి దాని మీద గట్టిగానే కనిపిస్తుంది గానీ, బరువు పడుతూ తగ్గుతూ ఉంటే జారిపోతుంది. నైలాన్ పట్టీలను కలపడానికి కొండలెక్కేవాళ్లు వాడేది వాటర్ నాట్. టేప్ నాట్ అన్నా ఇదే. వేయడం తేలిక, సర్దడంలోనే ఉంది అసలు పని.

ముందు పట్టీలను చూసుకోండి. అంచు తెగినా, దారాలు లేచినా, ఎండకు వెలిసి బిరుసెక్కినా పక్కన పడేయండి. రెండూ ఒకే రకం, ఒకే వెడల్పు ఉండాలి.

మొదటి పట్టీ కొసకు జానెడు వదిలి ఒక మామూలు ముడి వేయండి. బిగించొద్దు, వేళ్లు దూరేంత వదులుగా ఉంచండి.

ఇప్పుడు రెండో పట్టీ తీసుకుని, మొదటి పట్టీ కొస ఎక్కడ బయటికొచ్చిందో అక్కడి నుంచే లోపలికి పంపండి. మొదటిది వచ్చిన దారినే ఎదురు నడిపించాలి, ఒక్క వంపు కూడా వదలకుండా. చివరికి రెండో కొస, మొదటి పట్టీ పొడుగు భాగాన్ని ఆనుకుని బయటికొస్తుంది. రెండు కొసలూ ఒకే వైపు తేలాయంటే దారి తప్పినట్టే. విప్పి మళ్లీ మొదలుపెట్టండి.

బిగించే ముందు ముడిని అటూ ఇటూ తిప్పి చూడండి. ప్రతి వంపులో రెండు పొరలూ చాప మీద చాప పరిచినట్టు ఉండాలి. ఎక్కడైనా ఒకటి మెలిపడినా, రెండోదాన్ని అడ్డంగా దాటినా వేలితో సరిచేయండి. ఆ తర్వాత రెండు కొసలు, రెండు పొడుగు భాగాలు, నాలుగింటినీ ఒక్కొక్కటిగా లాగాలి. ఆఖరున ఒంటి బరువంతా వేసి బిగించండి. చేత్తో లాగిన బిగువు సరిపోదు.

బిగిశాక రెండు వైపులా కొసలు కనీసం 8 సెంటీమీటర్లు మిగలాలి. నాలుగు వేళ్లు అడ్డంగా పెడితే ఇంచుమించు అంత. ఎందుకంటే ఈ ముడికి ఒక జబ్బుంది: బరువు పడి, తగ్గి, మళ్లీ పడుతుంటే కొస కొంచెం కొంచెంగా లోపలికి జరిగిపోతుంది. పైకి ముడి చెక్కుచెదరనట్టే ఉంటుంది. అందుకే వాడబోయే ప్రతిసారీ వేళ్లు ఆనించి కొలవాల్సిందే. నిన్న చూశాం కదా అనుకోవద్దు. కొస తగ్గితే విప్పి కొత్తగా వేయండి.

ముడి పడిన చోట పట్టీ బలం మూడో వంతు దాకా, ఒక్కోసారి అంతకు మించి తగ్గుతుంది. డైనీమా అనే గట్టి కృత్రిమ దారంతో నేసిన పట్టీలకైతే ఈ ముడి వేయనే వద్దు. ఆ దారం మరీ జారుడు, వాటికి బదులు ఫ్యాక్టరీలోనే ఉచ్చులా కుట్టి ఇచ్చే స్లింగులే తీసుకోండి. క్రేన్ స్లింగులకు, లారీ లోడు బిగించే రాచెట్ బెల్టులకు అసలు ఏ ముడీ వేయకూడదు.

మనిషి వేలాడే పనైతే, ముడిని ముందు తెలిసినవాళ్ల చేతికిచ్చి పరీక్ష చేయించండి.