మైకు కొనేముందు గదిలో ఫ్యాను వేసి వినండి

పాడ్‌కాస్ట్ మొదలుపెడదామనుకున్న ప్రతివాళ్లూ ‘ఏ మైకు కొనమంటారు’ అనే అడుగుతారు. నేను మాత్రం ‘ఎక్కడ కూర్చుని మాట్లాడతారు’ అని ఎదురు అడుగుతాను. మాది గుంటూరు బ్రాడీపేటలో మేడమీద గది: నున్నటి టైల్స్, ఖాళీ గోడలు, ఇనప బీరువా, నెత్తిమీద ఫ్యాను. మొదట్లో వీడియోలు చూసి కండెన్సర్ మైకు (సన్నటి శబ్దాన్ని కూడా పట్టేసే రకం) కొన్నా. తొలి ఎపిసోడ్‌లో నా గొంతుతో పాటు ఫ్యాను గరగర, పక్కింటి కుక్కరు విజిల్స్, కింద వీధిలో ‘పాత సామాన్లు కొంటాం’ బండి, అన్నీ శుభ్రంగా పడ్డాయి. బండివాడి మైకే నయం అనిపించింది.

అందుకే ముందు మీ గదిలో ఫ్యాను వేసి, ఫోన్లో ఒక నిమిషం రికార్డు చేసి ఇయర్‌ఫోన్స్‌తో వినండి. గది మోగుతున్నా, వీధి వినిపిస్తున్నా డైనమిక్ మైకే (స్టేజీ మీద చేత్తో పట్టుకుని పాడే రకం) తీసుకోండి. అందులో మాయేమీ లేదు, నోటికి నాలుగు వేళ్ల దూరంలో పెట్టుకుని మాట్లాడతాం కాబట్టి గొంతు పెద్దగా, గది చిన్నగా పడుతుంది, అంతే. కార్డియాయిడ్ రకమైతే వెనకవైపు తక్కువ వింటుంది, ఆ వెనకభాగాన్ని కిటికీ వైపు తిప్పండి. నోటికి సూటిగా కాకుండా కాస్త పక్కగా పెడితే ‘పప్పు’, ‘ఫలితం’ అన్నప్పుడు గాలి టప్‌మని కొట్టదు.

ఒక్కరే మాట్లాడితే ఇంటర్‌ఫేస్ (మైకుని ల్యాప్‌టాప్‌కి కలిపే చిన్న పెట్టె) జోలికి ఇప్పుడే పోనక్కర్లేదు. శాంసన్ క్యూ2యూ లాంటి వాటికి యూఎస్‌బీతో పాటు ఇంటర్‌ఫేస్‌కి తగిలించే ఎక్స్‌ఎల్‌ఆర్ ప్లగ్గు కూడా ఉంటుంది కాబట్టి ఇవాళ నేరుగా ల్యాప్‌టాప్‌కి పెట్టుకుని, రేపు ఇంటర్‌ఫేస్ కొన్నాక అదే మైకు వాడుకోవచ్చు. ఇద్దరైతే మాత్రం రెండు యూఎస్‌బీ మైకులు ఒకే ల్యాప్‌టాప్‌కి తగిలించే ప్రయోగం వద్దు, ఒక్కో మైకు లోపల దేని గడియారం దానిదే, అవి సరిగ్గా కలిసి నడవవు కాబట్టి గంట మాటల్లో ఒకరి గొంతు వెనకబడిపోయే ప్రమాదం ఉంది. రెండు మైకు ఇన్‌పుట్లున్న ఇంటర్‌ఫేస్ తీసుకోండి. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు: ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలోకి రెండు ఇన్‌పుట్లు కనిపిస్తాయి గానీ మైకుకి పనికొచ్చేది ఒక్కటే, రెండోది గిటార్ లాంటి వాటికి. ఇద్దరికి అదే కంపెనీ స్కార్లెట్ 2ఐ2 కావాలి.

తర్వాత చూడాల్సింది గెయిన్, అంటే మైకు నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ని ఇంటర్‌ఫేస్ ఎంత పెంచగలదన్నది. పేరు విని షూర్ ఎస్‌ఎం7బీ అనే డైనమిక్ మైకు కొనేస్తారు, దానికి సుమారు 60 డెసిబెల్స్ గెయిన్ కావాలి. 2ఐ2 మూడో తరం ఇచ్చేది 56, నాలుగో తరం 69. చాలకపోతే నాబ్ చివరిదాకా తిప్పాల్సి వస్తుంది, దాంతో సుయ్‌మనే శబ్దం పైకొస్తుంది. పైగా ఆ మైకు ఖరీదు చూస్తే, మొదటిసారి కొనేవాళ్లకి అదే కంపెనీ ఎస్‌ఎం58 చాలంటాను. ఇంటర్‌ఫేస్ మీద కనిపించే 48 వోల్ట్ స్విచ్ కండెన్సర్ మైకులకి కరెంటు ఇవ్వడానికి, డైనమిక్‌కి అక్కర్లేదు.

గట్టిగా నవ్వినా రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో శబ్దం మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా గెయిన్ పెట్టుకోండి. బుయ్‌మని హమ్ వస్తే మైకుని తిట్టేముందు ల్యాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి, మన ఇళ్లలో ఎర్తింగ్ సంగతి తెలిసిందే కదా.

ఏ మైకైనా రికార్డు చేసేటప్పుడు ఫ్యాను ఆపితేనే మేలు, కానీ మే నెలలో ఫ్యాను ఆపి గంట కూర్చోవడం ఎవరి వల్లా కాదు. పదిహేను నిమిషాలకో ముక్క చేయండి, మధ్యలో ఫ్యాను వేసుకుని మజ్జిగ తాగండి.