పైథాన్ నుంచే మెషిన్ కోడ్

బెంగళూరు మారతహళ్లి పీజీల్లో ఎంబెడెడ్ ఉద్యోగాలకి ప్రిపేరయ్యే మనవాళ్లకి పనికొస్తుందని పెడుతున్నా. ప్రాసెసర్ నేరుగా చదివే మెషిన్ కోడ్‌లో ఒక్క ఇన్‌స్ట్రక్షన్ ఏం చేస్తుందో చూడటానికి ప్రతిసారీ ఫైల్ రాసి, అసెంబుల్ చేసి, లింక్ చేయడం మహా విసుగు. లినక్స్ ల్యాప్‌టాప్ ఉంటే పైథాన్‌లోనే అయిపోతుంది, విడిగా ఏదీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు.

పైథాన్‌తోనే వచ్చే ఎంమ్యాప్ (mmap) మాడ్యూల్‌తో 4096 బైట్ల మెమరీ తీసుకోండి. ఫైల్ నంబర్ -1 (అంటే ఫైల్ ఏదీ లేదని), అనుమతులు చెప్పే ప్రాట్‌లో (prot) రీడ్, రైట్, ఎగ్జిక్ మూడూ ఇవ్వాలి (కోడ్‌ని నడపనిచ్చే ఎగ్జిక్ మర్చిపోతే సెగ్‌ఫాల్టే, అంటే ప్రోగ్రామ్ అక్కడే కూలుతుంది). అందులో 184, 42, 0, 0, 0, 195 రాయండి. 184 అంటే తర్వాతి నాలుగు బైట్లని ఈఏఎక్స్ రిజిస్టర్‌లో (ఫంక్షన్ జవాబు ఉండే ప్రాసెసర్ లోపలి చోటు) పెట్టమని. 195 అంటే రిటర్న్. సీ కోడ్‌ని పైథాన్ నుంచి పిలవనిచ్చే సీటైప్స్ (ctypes) మాడ్యూల్‌లోని ఫ్రమ్ బఫర్ (from_buffer), అడ్రస్‌ఆఫ్‌లతో (addressof) ఆ పేజీ అడ్రస్ తీసి, ఇంటిజర్ తిరిగిచ్చే సీఫంక్‌టైప్‌కి (CFUNCTYPE) ఇచ్చి, వచ్చిన ఫంక్షన్‌ని పిలవండి, 42 వస్తుంది. 300 కావాలా? ఆ నాలుగు బైట్లూ 44, 1, 0, 0 చేయండి. 300 అంటే 1×256 + 44 కదా, తక్కువ స్థానం బైటే (ఇక్కడ 44) ముందుండాలి.

ఈ అంకెలు ఇంటెల్, ఏఎండీ చిప్‌లకే, ఎం సిరీస్ మ్యాక్‌లో పనిచేయవు. బైట్ తప్పితే ట్రై-ఎక్సెప్ట్ కూడా కాపాడదు, పైథాన్ మొత్తం కూలిపోవచ్చు. సేవ్ చేయని నోట్‌బుక్‌లో మాత్రం నడపకండి.