చలికాలంలో విమానం ఆయిల్ వేడెక్కకపోతే

అమెరికా ఉత్తరాది రాష్ట్రాల్లో చిన్న విమానాలు నడిపే మనవాళ్లకు చలికాలంలో ఇదో చిరాకు: ఎంతసేపు ఎగిరినా ఆయిల్ టెంపరేచర్ ముల్లు 140, 150 ఫారెన్‌హీట్ దగ్గరే ఆగిపోతుంది. చిన్న విమానాల్లో ఎక్కువగా వాడే లైకమింగ్ కంపెనీ ఇంజిన్లకు ఇది 165 నుంచి 220 మధ్య ఉండాలి. తక్కువైతే ఆయిల్‌లో చేరిన తేమ ఆవిరైపోదు, లోపల తుప్పు పట్టే ప్రమాదం.

కొత్త భాగాలు కొనే ముందు మీటర్‌ను పరీక్షించండి. మెకానిక్‌తో సెన్సార్ తీయించి మరిగే నీళ్లలో ముంచితే దాదాపు 212 చూపించాలి, ఎత్తైన ఊళ్లలో ఇంకాస్త తక్కువ. తప్పు ఇక్కడే దొరికితే ఖర్చు చాలావరకు తప్పినట్టే.

మీటర్ సరిగ్గానే ఉంటే, పైపర్ వారియర్ లాంటి చిన్న విమానాలకు ఆయిల్ కూలర్ (ఆయిల్‌ను గాలితో చల్లబరిచే భాగం) ముందు బిగించి చల్లగాలిని అడ్డుకునే వింటర్ ప్లేట్ వస్తుంది. బయట 50 డిగ్రీల ఫారెన్‌హీట్, అంతకన్నా తక్కువ ఉన్నప్పుడు పెట్టాలి. టేపు అంటించి మూసేయడం కన్నా ఇదే నయం. ఊరికే నేల మీద ఇంజిన్ తిప్పి వేడెక్కించాలని మాత్రం చూడకండి, తేమ ఇంకా చేరుతుంది.

50 దాటిన రోజు ప్లేట్ తప్పకుండా తీసేయాలి, లేకపోతే పైకి ఎక్కేటప్పుడు ఆయిల్ మరీ వేడెక్కిపోవచ్చు.