ఆర్‌ఎక్స్-8 స్లోలో "బ్రాప్ బ్రాప్" అంటోందా? ముందు ఇవి చూడండి

సమస్య: స్లోలో (ఐడ్లింగ్‌లో) ఆగి ఆగి కొడుతోంది

విశాఖలో మాజ్డా ఆర్‌ఎక్స్-8 లాంటి రోటరీ ఇంజన్ (పిస్టన్లకు బదులు మూడు ముఖాల రోటర్ తిరిగే ఇంజన్) బళ్లు అరుదు. అయినా బీచ్ రోడ్డు మీద కార్ల పిచ్చి ఉన్నవాళ్లు నలుగురు కలిస్తే వాదన ఈ చప్పుడు దగ్గరికే వస్తుంది. రోటరీ అంటే అలాగే అరవాలని ఒకరు, ఇంజన్ పోయిందని ఇంకొకరు. అది ఏ ఇంజన్ అన్నది చూడకుండా ఈ వాదన తేలదు.

మాజ్డా పాత రోటరీ ఇంజన్ 13బీలో, పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ పోర్టు రోటర్ చుట్టూ ఉండే రోటర్ హౌసింగ్‌లోనే ఉంటుంది. దానికి బ్రిడ్జ్ పోర్టింగ్ (మిశ్రమం లోపలికి వచ్చే ఇన్‌టేక్ పోర్టుకు అదనపు రంధ్రం కోయడం) చేయిస్తే ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండూ కాసేపు ఒకేసారి తెరిచి ఉంటాయి. తక్కువ ఆర్‌పీఎంలో కాలిన పొగ కొత్త మిశ్రమంలో కలిసిపోయి కొన్నిసార్లు మండదు. ఆ ఖాళీలే మనకు బ్రాప్‌గా వినిపిస్తాయి. దానికి రిపేరు అక్కర్లేదు.

ఆర్‌ఎక్స్-8లోని రెనెసిస్ ఇంజన్ వేరు. మాజ్డా అందులో ఎగ్జాస్ట్ పోర్టులను పక్క హౌసింగుల్లోకి మార్చింది, కాబట్టి రెండూ ఒకేసారి తెరుచుకోవు. కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్న ఆర్‌ఎక్స్-8 స్లోలో నున్నగా తిరగాలి. బ్రాప్ అంటే మిస్సింగే, అంటే కొన్నిసార్లు మండకుండా పోతోంది. ముచ్చటపడి వీడియో తీసుకునే చప్పుడు కాదది.

ముందు ప్లగ్గులకు కరెంటు ఇచ్చే ఇగ్నిషన్ కాయిల్స్ అనుమానించండి. రోటర్‌కు రెండు చొప్పున నాలుగు ప్లగ్గులు, నాలుగు కాయిల్స్. సముద్రపు ఉప్పుగాలికి కనెక్టర్లలో పచ్చటి చిలుము పట్టిందేమో కూడా చూడాలి. కాయిల్స్ మారిస్తే నాలుగూ కలిపే మార్చండి. మిస్సింగ్‌తోనే తిప్పితే మండని పెట్రోలు, పొగను శుభ్రం చేసే కేటలిటిక్ కన్వర్టర్‌లో మండి దాన్ని పాడుచేస్తుంది.

కాయిల్స్, ప్లగ్గులు బాగున్నా తగ్గకపోతే కంప్రెషన్ చూడాలి. మామూలు గేజి రోటర్ మూడు ముఖాల్లో ఎక్కువ ఉన్న అంకెనే పట్టుకుంటుంది. రోటరీ టెస్టర్ దొరక్కపోతే గేజి వాల్వును తెరిచి పట్టుకుని, సెల్ఫ్ కొడుతూ ముల్లు చూడండి. ముల్లు కొట్టే మూడు గెంతులూ సమానంగా ఉండాలి. ఒకటి బాగుండి రెండు పడిపోతే ఒక అపెక్స్ సీల్ (రోటర్ మూల మీద ఉండే సీల్) పోయినట్టే, ఎందుకంటే ఒక్కో సీల్ రెండు గదుల మధ్య ఉంటుంది. అప్పుడిక ఇంజన్ విప్పాల్సిందే. రెనెసిస్‌కు 250 ఆర్‌పీఎం దగ్గర చదరపు సెంటీమీటరుకు కనీసం 6.9 కేజీలు రావాలి, కానీ ఈ పద్ధతిలో వచ్చే అంకెను పూర్తిగా నమ్మలేం.

సమస్య: నిన్న బాగుంది, ఇవాళ సెల్ఫ్ తిరుగుతోంది గానీ స్టార్ట్ అవ్వట్లేదు

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోంచి తీసి, కడగడానికి పది అడుగులు జరిపి ఆపేశారా? ఎక్కువగా అక్కడే వస్తుంది. చల్లటి ఇంజన్‌లోకి ఎక్కువ పెట్రోలు వస్తుంది, అది సీళ్ల మీది ఆయిల్‌ను కడిగేస్తుంది, కంప్రెషన్ పడిపోతుంది. మళ్లీ మళ్లీ సెల్ఫ్ కొడితే ఇంకా తడుస్తుంది.

యాక్సిలరేటర్ పూర్తిగా నేలకు తొక్కి పట్టుకుని సెల్ఫ్ కొట్టండి. అలా తొక్కితే ఇంజెక్టర్లు ఆగిపోతాయి, గాలి మాత్రమే వెళ్తుంది. కొన్ని సెకన్ల చొప్పున, మధ్యలో స్టార్టర్‌కు విరామమిచ్చి చేయండి. బ్యాటరీ గట్టిగా ఉండాలి. లొంగకపోతే ప్లగ్గులు విప్పి ఆరబెట్టి, కింది ప్లగ్గు రంధ్రంలో కొంచెం ఇంజన్ ఆయిల్ వేయండి. ప్లగ్గులు బయట ఉండగా ఫ్యూయల్ పంప్ ఫ్యూజు, కాయిల్ కనెక్టర్లు తీసే ఉంచాలి, పెట్రోలు ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు. ఇక మీదట వేడెక్కకుండా బండి ఆపకండి.

సమస్య: వేడి మీద స్టార్ట్ అవ్వదు, చల్లారితే అవుతుంది

దీనికి నాకు టెన్షన్ ఎక్కువ. చాలావరకు కారణం అరిగిన సీళ్లే. బలమైన స్టార్టర్ వేస్తే కొన్నాళ్లు నడుస్తుంది, రోగం అలాగే ఉంటుంది. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు అందుకే ఒక డ్రైవ్ కొట్టి, వేడి మీద ఆపి, మళ్లీ స్టార్ట్ చేసి చూడాలి.

సమస్య: ఆయిల్ తగ్గిపోతోంది

మెకానిక్ పిస్టన్ రింగులు పోయాయంటే ఒప్పుకోకండి, ఇందులో పిస్టన్లే లేవు. సీళ్లు అరగకుండా ఇంజనే కొద్దికొద్దిగా ఆయిల్‌ను లోపలికి పంపి కాలుస్తుంది. తగ్గకపోతేనే అనుమానించాలి. పెట్రోలు కొట్టించిన ప్రతిసారీ డిప్‌స్టిక్ తీసి చూసుకుంటే చాలు.